కోఠీలో సీటు దొరికింది

శ్రోతలకు నమస్కారం. హైదరాబాద్ జనాభా అనగానే నాకు అంకెలకన్నా ముందు 218 నంబరు బస్సు గుర్తొస్తుంది. కోఠీ నుంచి పటాన్‌చెరు బస్సు. చదువుకునే రోజుల్లో కోఠీలో కిటికీ పక్క సీటు దొరికితే లాటరీ తగిలినట్టే. అమీర్‌పేటకి సగం ఖాళీ. మూసాపేట దాటాక కండక్టరు తీరిగ్గా కూర్చుని చిల్లర లెక్కపెట్టుకునేవాడు. మొన్న అదే బస్సెక్కాను. కోఠీలో సీటు దొరికింది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా మాత్రం ఎవరో ఒకరు నా కాలు తొక్కుతూనే ఉన్నారు.

ఎర్రగడ్డ దాకా హైదరాబాద్ జిల్లా. మూసాపేటలో అడుగుపెడితే, అప్పట్లో, రంగారెడ్డి జిల్లా. 2001లో హైదరాబాద్ జిల్లాలో 38 లక్షల పైచిలుకు జనం. 2011లో 39 లక్షల పైచిలుకు. పదేళ్లలో నూటికి ముగ్గురు పెరిగారు. పక్కనున్న రంగారెడ్డిలో? 35 లక్షల పైచిలుకల్లా దాదాపు 53 లక్షలైంది. నూటికి 48 మంది! రోడ్డు ఒకటే, బస్సు ఒకటే. ఇటు 3, అటు 48.

సుల్తాన్ బజార్ వెనక సందులో మా పిన్ని వాళ్లిల్లు ఉండేది. కింద అరుగు, పైన రెండు గదులు, పన్నెండు మంది మనుషులు. పండక్కి వెళ్తే మెట్ల మీద కూర్చుని తినేవాళ్లం. ఇప్పుడు కింద బట్టల దుకాణం, పై గదుల నిండా అట్టపెట్టెలు. రాత్రి షట్టరు దించాక ఆ ఇంట్లో మనిషి ఉండడు. పిన్ని కొడుకుల్లో ఒకడు నిజాంపేటలో, ఒకడు వనస్థలిపురంలో. ఎవరూ ఊరు వదలలేదు, లెక్కలో జిల్లా మారారంతే. వీళ్లకి తోడు 1998లో సైబర్ టవర్స్ వచ్చాక మాదాపూర్ వైపు ఉద్యోగాల కోసం దిగినవాళ్లు.

2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ, అంటే జీహెచ్ఎంసీ చేశారు. అందుకే 2011లో హైదరాబాద్ జనాభా ఎంతంటే 39 లక్షలన్నా ఒప్పే, 67 లక్షలన్నా ఒప్పే. జిల్లానా, జీహెచ్ఎంసీనా అని అడిగి మరీ నమ్మండి.

2021లో జరగాల్సిన జనాభా లెక్క 2027కి వెళ్లింది. హాస్టళ్లలో ఉంటున్న పిల్లలూ, మీకే చెబుతున్నాను. లెక్కలవాళ్లు వస్తే "మా పేర్లు ఊళ్లో ఉన్నాయండీ" అని తలుపేసేయకండి. ఓటు వేరు, రేషన్ కార్డు వేరు, ఇది వేరు. ఎక్కడ ఉంటున్నారో అక్కడే రాయించుకోవాలి. నీళ్ల పైపూ, బస్సూ ఆ లెక్క చూసే వేస్తారు. ఊళ్లో అమ్మకి కూడా ఫోన్ చేసి చెప్పండి, మీ పేరు అక్కడ మళ్లీ రాయించొద్దని.