రెండు సబ్జెక్టులు, ఎనిమిది సెమిస్టర్లు

(తెనాలిలో ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో హాలు నిండిందంటే అది నా ముఖం చూసి కాదని నాకు తెలుసు. బయట బోర్డు మీద స్కాలర్‌షిప్ అన్న మాట పెద్దక్షరాల్లో రాయించారు. నిర్వాహకులు తెలివైనవాళ్ళు.

నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. విదేశంలో చదువుకున్నవాణ్ణి కాను. రిటైరయ్యాక పిల్లల అప్లికేషన్లు చదివి పెట్టడం, ఫారంలో ఏమడిగారో వాళ్ళ అమ్మానాన్నలకి విప్పి చెప్పడం అలవాటైంది. దీనికి ఎవరి దగ్గరా పైసా తీసుకోను. అందుకే కాస్త కటువుగా మాట్లాడినా ఎవరూ ఏమీ అనరు.

ఈ పని నాకు అంటగట్టింది ఒక కుర్రాడు. అప్పుడు ఎంపీసీ సెకండియర్. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "మాస్టారూ, మ్యాథ్సూ మృదంగమూ రెండూ కలిపి చదవడానికి స్కాలర్‌షిప్ ఇచ్చే దేశం ఏదన్నా ఉందాండీ?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఒకటి చదువుకో నాన్నా, రెండోది ఆదివారాలు వాయించుకో" అన్నాను. మనందరం అనే మాటే. టెన్త్ రిజల్ట్స్ వచ్చిన వారంలోగా ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా తేల్చేసే ఊళ్ళలో పెరిగాం. సెకండ్ లాంగ్వేజ్ కూడా మార్కులు పడతాయని సంస్కృతం తీసుకుంటాం గానీ కాళిదాసు మీద ప్రేమతోనా? మా రోజుల్లో బీఎస్సీ అంటే మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవాళ్ళం. 2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో అది కూడా సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు అయింది. ఆ కుర్రాడి ప్రశ్న మనకి వింతగా వినపడటంలో ఆశ్చర్యమేముంది?

అయితే ఆ ప్రశ్నలో నిజంగానే ఒక పొరపాటుంది. అదేమిటో తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. రెండు మేజర్లకి స్కాలర్‌షిప్ అని వెతికితే చేతికి ఏమీ చిక్కదు. వెతకాల్సింది, రెండో సబ్జెక్టుకి విడిగా డబ్బు అడగని చోటు. ఎన్ని సబ్జెక్టులు చదివావన్నది ఖర్చుని పెంచదు. ఎన్నాళ్ళు చదివావన్నదే పెంచుతుంది.

అమెరికాలో ప్రైవేటు కాలేజీలు చాలావాటిలో ఫుల్‌టైమ్ విద్యార్థికి సెమిస్టర్ ఫీజు ఒకటే. నాలుగు కోర్సులు తీసుకున్నా, పరిమితి దాటకుండా ఐదు తీసుకున్నా అంతే. మన ఫుల్ మీల్స్ టికెట్టు అనుకోండి. కూర మారు వడ్డించుకుంటే విడిగా బిల్లు వేయరు. కాకపోతే హోటల్ కట్టేసే వేళకి లేవాలి. ఆ వేళ మామూలుగా ఎనిమిది సెమిస్టర్లు. కాలేజీ ఇచ్చే సాయం కూడా ఎక్కువచోట్ల ఆ ఎనిమిదితోనే ఆగిపోతుంది. తొమ్మిదో సెమిస్టర్ అవసరమైతే అది నాన్నగారి జేబులోంచే.

ఇక్కడ రెండు మాటలు కలగాపులగం చేస్తుంటారు. డబుల్ మేజర్ అంటే ఒకే డిగ్రీ, అందులో రెండు ప్రధాన విషయాలు, నాలుగేళ్ళు. డ్యూయల్ డిగ్రీ అంటే రెండు వేరువేరు డిగ్రీలు. ఒహాయోలోని ఓబర్లిన్‌లో కాలేజీ డిగ్రీ, సంగీత కన్సర్వేటరీ డిగ్రీ రెండూ కలిపి చేయొచ్చు, ఐదేళ్ళు. బ్రౌన్ యూనివర్సిటీ, రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ కలిసి నడిపేదీ ఐదేళ్ళే. గొప్ప కోర్సులే, కాదనను. కానీ ఐదో ఏడాదికి కూడా సాయం ఇస్తారా అని ముందే మెయిల్ రాసి, జవాబు దాచుకున్నాకే అప్లై చెయ్యండి. యూనివర్సిటీ ఆఫ్ ఇలినాయ్‌లో కంప్యూటర్ సైన్స్‌ని సంగీతంతోనో భాషాశాస్త్రంతోనో ఒకే డిగ్రీగా కలిపేశారు. మన పిల్లలకి నోరూరించే కోర్సు. అయితే అది ప్రభుత్వ యూనివర్సిటీ, అలాంటిచోట విదేశీ విద్యార్థికి దొరికే సాయం తక్కువ.

మరి డబ్బు ఎక్కడుంది? అమెరికా ప్రైవేటు కాలేజీల్లో అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటిపోయిన చోట్లు బోలెడు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమర్స్ట్, డార్ట్‌మత్, బోడన్ లాంటి కొద్ది కాలేజీలు, సీటు ఇచ్చేటప్పుడు విదేశీ పిల్లాడు సాయం అడిగాడా లేదా అన్నది చూడవు. సీటు ఇచ్చాక, ఆ కుటుంబం ఎంత కట్టగలదో లెక్కేసి మిగతాది తామే భరిస్తాయి. ఆ సాయం మార్కులకి ఇచ్చే బహుమతి కాదు కాబట్టి మ్యాథ్స్‌కి ఇంత, మృదంగానికి ఇంత అన్న గొడవే లేదు. సీటు మాత్రం చాలా కష్టం, అది దాచను. ఆ తర్వాతి వరసలో ఉన్న కాలేజీలు కొన్ని పూర్తి సాయం ఇస్తాయి గానీ, ఎంత అడిగావన్నది సీటు దగ్గరే చూస్తాయి.

ఈ భయంతో కొందరు తల్లిదండ్రులు "ముందు సాయం వద్దని రాద్దాం, సీటొచ్చాక అడుగుదాం" అంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. చాలా కాలేజీల్లో విదేశీ విద్యార్థి మొదట అడక్కపోతే ఆ నాలుగేళ్ళూ అడిగే వీల్లేదు. మొదటి ఏడాది అప్పు చేసి కట్టి, రెండో ఏడాది ఇంటికి తిరిగొచ్చిన అమ్మాయిని నేను చూశాను.

సాయం ఎంతో తేల్చడానికి చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం నింపమంటాయి. మన జిల్లావాళ్ళకి చిక్కంతా అక్కడే. ఆ కుర్రాడి నాన్నకి రెండెకరాల మాగాణి. అందులో వరి, తర్వాత మినుమో జొన్నో. ఏడాదికి మిగిలేది ఎంతో మీకు తెలుసు. కానీ ఫారం ఆదాయంతో ఆగదు, ఆస్తి విలువ కూడా అడుగుతుంది. రోడ్డు పక్క రెండెకరాలు మార్కెట్ రేటుకి డాలర్లలో రాస్తే కాగితం మీద ఆయన ధనవంతుడు. ఇంట్లో చూస్తే ఫ్రిజ్ లేదు. "పొలం రాయాలా మాస్టారూ, వదిలేద్దామా?" అని ఆయన గొంతు తగ్గించి అడిగారు.

రాయమన్నాను. దాచింది ఏదో ఒకరోజు వీసా దగ్గరో మరోచోటో బయటపడితే పిల్లాడి చదువే పోతుంది. ఫారంతో పాటు విడిగా ఒక లేఖ జతచేశాం. పొలం తాతల నాటిది, అన్నదమ్ములిద్దరి పేరా ఉంది, అమ్మితే ఈ కుటుంబానికి వేరే జీవనం లేదు, గత మూడేళ్ళలో ఎకరానికి పండిందెంత, పెట్టుబడి ఎంత, ఏ ఏడాది తుపానుకి పంట ఒరిగింది, అన్నీ అంకెలతో. తహసీల్దార్ ఆఫీసు ఆదాయ ధ్రువపత్రం, దాని ఇంగ్లీషు అనువాదం పెట్టాం. ఇన్‌కంటాక్స్ రిటర్న్ ఎందుకు లేదో ఒక వాక్యంలో చెప్పాం. ఏడుపు రాయలేదు, లెక్క రాశాం. ఒక కాలేజీ నుంచి తిరిగి మూడు ప్రశ్నలొచ్చాయి, మూడూ పంట గురించే.

ఆ మధ్యలో వాళ్ళు ఒక కన్సల్టెన్సీకి కూడా వెళ్ళొచ్చారు. పేరు చెప్పను. "మృదంగం అని రాస్తే సీరియస్‌గా తీసుకోరు, డేటా సైన్స్ అని పెట్టండి" అన్నారట, వాళ్ళకి కమీషన్ వచ్చే యూనివర్సిటీల లిస్టు చేతిలో పెట్టారట. కుర్రాడికి నెల రోజులు టెన్షన్, నిద్ర లేదు.

అప్పుడు నేను వాణ్ణి ఒక మాట అడిగాను. "రెండూ ఇష్టమంటున్నావు. ఇష్టం సంగతి వదిలెయ్. రెండూ ఒకదానికొకటి ఎక్కడ తగిలాయో ఒక్కచోటు చూపించు." వాడు నా టేబుల్ మీదున్న పాత ప్రశ్నపత్రం తిరగేసి రాయడం మొదలెట్టాడు. ఆది తాళంలో ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు తిరగడానికి, 32 మాత్రలు. ముక్తాయి అంటే ఒక ముక్కని మూడుసార్లు వాయించి, మధ్యలో రెండుచోట్ల విరామమిచ్చి, సరిగ్గా సమం మీదికి, అంటే తాళం మొదటి దెబ్బ మీదికి, దిగడం. ముక్క 'అ' మాత్రలు, విరామం 'వి' మాత్రలు అనుకుంటే, మూడు అ-లు, రెండు వి-లు కలిపి 32 కావాలి. వేళ్ళతో టేబుల్ మీద "తదిగిణతొం తదిగిణతొం" అని పది మాత్రలు మోగించి, ఒక్క మాత్ర ఆగి, మళ్ళీ మోగించాడు. మూడో సారి అయ్యేసరికి తాళం సమానికి వచ్చింది. ముక్క ఎనిమిదైతే విరామం నాలుగు. ఆరైతే ఏడు. ముక్కలో రెండు తగ్గినప్పుడల్లా విరామంలో మూడు పెరుగుతుంది. "తొమ్మిది పెడితే?" అన్నాను. "విరామం రెండున్నర వస్తుందండీ. ముక్క బేసి సంఖ్యయితే అర మాత్ర తప్పదు. మా గురువుగారికి సమీకరణం తెలీదు, కానీ ఆ అర మాత్ర ఆయన చేతిలో ఉంది. నాకు సమీకరణం తెలుసు, చెయ్యి ఇంకా రాలేదు" అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆ సమీకరణాలు ఎన్ని వందల మందికి చెప్పి ఉంటాను! అది చప్పుడు చేస్తుందని నాకు ఆరోజే తెలిసింది. "ఇప్పుడు చెప్పిందే రాసెయ్" అన్నాను. అదే వాడి వ్యాసం అయింది. గురువుగారు సిఫార్సు లేఖ తెలుగులోనే చెప్పారు, మేం అనువదించి రెండూ పంపాం. కాలేజీలకి పంపాల్సిన వీడియో ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ తీశాం. మూడో టేక్‌లో పక్కింటి కుక్కర్ విజిల్ వేసింది. అదీ వాడు తాళం తప్పకుండా వాయించిన టేకే. అదే పంపాం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అక్కడ మ్యూజిక్ మేజర్ అంటే చాలాచోట్ల పాశ్చాత్య సంగీతమే, స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద రాసే వాళ్ళ స్వరలిపి, చదవడం రావాలి. కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్పే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కనెటికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో 1960ల నుంచి మృదంగం నేర్పుతున్నారు. కూచిపూడైనా, మగ్గం మీద నేతైనా, తెలుగు సాహిత్యమైనా, నీ రెండో సబ్జెక్టు ఆ డిపార్ట్‌మెంట్‌లో నిజంగా ఉందా అని కోర్సుల పట్టిక తెరిచి చూడు. పేరు చూసి మోసపోవద్దు.

మిగతా దేశాల సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్‌లో అప్లై చేసేటప్పుడే సబ్జెక్టు తేల్చుకోవాలి. ఐదు కోర్సుల దాకా ఎంచుకోవచ్చు గానీ, అన్నింటికీ పర్సనల్ స్టేట్‌మెంట్ ఒక్కటే. ఒకచోట ఫిజిక్స్, ఇంకోచోట నాటకం అని పెడితే ఆ ఒక్కటీ ఎవరికీ నచ్చదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్‌తో ఫిలాసఫీ, కంప్యూటర్ సైన్స్‌తో ఫిలాసఫీ వంటి జంటలున్నాయి, వాళ్ళు కలిపినవి కలపాలే తప్ప మనం కలపలేం. కెనడాలో టొరంటో యూనివర్సిటీ నాకు నచ్చింది. అక్కడ ఆర్ట్స్ అండ్ సైన్స్ డిగ్రీకి రెండు మేజర్లు చేయడం మామూలు దారుల్లో ఒకటి, అడుక్కోనక్కర్లేదు. విదేశీ విద్యార్థులకి పియర్సన్ స్కాలర్‌షిప్ ఉంది, నాలుగేళ్ళ ఫీజు, హాస్టల్ అన్నీ భరిస్తుంది. ఏడాదికి సుమారు 37 మందికి ఇస్తారు. బడి నుంచి ఒక్కరినే నామినేట్ చేయాలి. మీ ప్రిన్సిపల్‌కి ఆ సంగతి తెలుసో లేదో ఇవాళే అడగండి. కాలేజీ పేరు మీద ఒక మెయిల్ ఐడీ ఉందో లేదో కూడా అడగండి, చాలాచోట్ల ఉండదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు దాదాపు లేదన్నది నిజమే, కానీ మామూలుగా మన ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటీ చూపిస్తే నేరుగా సీటివ్వరు, ఖర్చులకి ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, వేసి చూపించాలి.

మన ప్రభుత్వాల పథకాల గురించి రోజుకొకరు అడుగుతారు. తెలంగాణలో అంబేద్కర్, పూలే పేర్ల మీదున్న ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తుంది, అది పీజీ, పీహెచ్‌డీలకి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా మాస్టర్స్, పీహెచ్‌డీలకే. దాంట్లో 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర లాంటి అంశాల మీద చదివేవాళ్ళకి వర్తించదని నిబంధన పెట్టారు. నాకది నచ్చలేదు. ఇంటర్ తర్వాత వెళ్ళేవాళ్ళు వీటి మీద ఆశ పెట్టుకోకండి.

ఊరి డబ్బుతో వెళ్ళినవాళ్ళు మనకి కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెబుతూ, 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళారు. సాయం చేసింది ఆయన మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్. అక్కడ ఉష్ణమండల వ్యాధుల వైద్యంలో డిప్లొమా చేసి, ఆసుపత్రిలో కూలిపని లాంటి ఉద్యోగం చేసి, చివరికి హార్వర్డ్‌లో 1930లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ పుచ్చుకున్నారు. ఆయుర్వేదం నుంచి జీవరసాయనం దాకా. ఆయన్ని ఏ గ్రూపులో వేస్తారో చెప్పండి!

వీసా గురించి ఒక్కటే. ఓపీటీ అంటే చదువయ్యాక అమెరికాలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకునే అనుమతి. డబుల్ మేజర్ చేస్తే రెండు ఓపీటీలు వస్తాయని వాట్సాప్‌లో తిరుగుతోంది. రావు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఆ స్థాయి డిగ్రీకి ఒకటే, 12 నెలలు. రెండు మేజర్లలో ఒకటి స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోవలోది అయితే, ఉద్యోగం ఆ సబ్జెక్టుకి సంబంధించిందైతే మరో 24 నెలలు అడగొచ్చు. అంటే మృదంగం వల్ల మ్యాథ్స్‌కి నష్టం లేదు.

కుర్రాడు ఇప్పుడు అమెరికాలో ఒక చిన్న కాలేజీలో రెండో సంవత్సరం. పేరు చెప్పొద్దన్నాడు. మొన్న ఫోన్లో ఏడ్చినంత పనిచేశాడు. వచ్చే సెమిస్టర్ రియల్ అనాలిసిస్ అనే లెక్కల క్లాసు, సంగీతం రిహార్సల్ ఒకే టైముకి పడ్డాయట. ఒకటి వదిలేస్తే తొమ్మిదో సెమిస్టర్ తప్పదేమోనని భయం. అడ్వైజర్ దగ్గరికి వెళ్ళి, ఎనిమిది సెమిస్టర్ల పట్టిక కాగితం మీద గీసి చూపించమన్నాను. ఏమైందో ఇంకా చెప్పలేదు.

ఇక మీరు అడగండి. ఆ వెనక వరసలో పాస్‌బుక్కులు సంచిలో పెట్టుకుని కూర్చున్న నాన్నగారూ, మీరే, ముందుకి రండి. మొదట పొలం లెక్కే చూద్దాం.