స్వభావం మారుతదా సార్? – ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: నమస్కారం. మనిషి స్వభావానికీ మనశ్శాంతికీ ఉన్న సంబంధం మీద ఇవాళ మీ ప్రశ్నలు. జవాబులు చెప్పడానికి మనస్తత్వశాస్త్ర పరిశోధకులు స్టూడియోలో ఉన్నారు. హలో, ఎక్కడినుంచమ్మా? మీ రేడియో కొంచెం తగ్గించండి.

శ్రోత (జడ్చర్ల): నమస్తే మేడం. మా బిడ్డ ఇంటర్ సెకండియర్. ఎవ్వలతోని ఎక్కువ మాట్లాడది. ఫోన్ల ఏదో టెస్టు రాస్తే ఇంట్రోవర్ట్ అని వచ్చిందంట. ఇగ నా బతుకు గింతేనా అని పరేషాన్ అయితున్నది.

పరిశోధకుడు: ఆ టెస్టును పక్కన పెట్టండమ్మా. మనుషులను ఇంట్రోవర్ట్, అంటే తనలో తాను ఉండేవాళ్లు, కలుపుగోలువాళ్లు అని రెండు డబ్బాల్లో పడేసే టెస్టులతో వచ్చే తిప్పలే ఇవి. నలుగురిలో కలిసే గుణం ఎత్తు లాంటిది. మరీ పొట్టి, మరీ పొడుగు కొద్దిమందే, మిగతా అందరూ నడుమన ఉంటారు. ఇంకో సంగతి. కోస్టా, మెక్రే అనే అమెరికా పరిశోధకులు 1980లోనే చూపించారు: నలుగురిలో కలిసే గుణం సంతోషంతో ముడిపడి ఉంటుంది, గాబరాపడే గుణం బాధతో ముడిపడి ఉంటుంది. రెండూ వేరువేరు. మాట తక్కువైతే బాధ ఎక్కువని కాదు. ఇష్టమైనవాళ్ల దగ్గర ఎట్ల ఉంటుంది?

శ్రోత: మా చెల్లె బిడ్డ వస్తే పొద్దంత ముచ్చట్లే సార్.

పరిశోధకుడు: అయితే నెమ్మది స్వభావమే అయ్యుంటుంది. కానీ ఒకటి గమనించండి. డౌటున్నా లెక్చరర్‌ను అడగకపోవడం, వైవా రోజే కడుపునొప్పి రావడం, పోవాలని ఉండీ పెళ్లికి రాకపోవడం, ఇవి భయం గుర్తులు. ఇష్టంలేక మానుకోవడం వేరు, భయపడి మానుకోవడం వేరు.

శ్రోత: నలుగుట్ల కలువుమని జబర్దస్తీ చేయాల్నా?

పరిశోధకుడు: వద్దు. 2019లో అచ్చయిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో కొందరిని వారంపాటు కలుపుగోలుగా మసలుకోమన్నారు. సగటున హుషారు పెరిగింది. కానీ బాగా అంతర్ముఖులైన (ఇంట్రోవర్ట్) వాళ్లకు లాభం తక్కువే, పైగా అలసట, ‘ఇది నేను కాదు’ అన్న ఇబ్బంది. భయం ఉన్నచోట మాత్రం చిన్న మెట్టు ఎక్కించండి: వారంలో ఒక్కసారి ఒక్క లెక్చరర్‌ను ఒక్క ప్రశ్న. అంతే.

నిర్వాహకురాలు: తర్వాతి కాల్, మిర్యాలగూడ.

శ్రోత (మిర్యాలగూడ): రైస్ మిల్లుల గుమస్తాను సార్. లెక్క సరిగనే ఉన్నా రాత్రంత తప్పు పోయిందేమో అని గుబులు. పుట్టుకతోనే ఇట్ల ఉంటే మారుతదా?

పరిశోధకుడు: మారుతుంది. 2017లో మనస్తత్వ పరిశోధకుడు బ్రెంట్ రాబర్ట్స్, సహచరులు 207 అధ్యయనాలను కలిపి చూశారు. చికిత్సలతో అన్నిటికంటే ఎక్కువ కదిలింది మీరు చెప్పే ఈ గాబరా గుణమే. కాకపోతే అనుకున్నంత మాత్రాన కాదు. 2019లో నేథన్ హడ్సన్ బృందం విద్యార్థులకు 15 వారాలపాటు, స్వభావం మార్చుకోవడానికి వారం వారం చిన్న చిన్న పనులు ఎంచుకునే వీలిచ్చింది. పని పూర్తిచేసినవాళ్లు మారారు, ఒప్పుకుని వదిలేసినవాళ్లకు మార్పు రాలేదు. అందుకే పెద్దది ఎత్తుకోకండి.

శ్రోత: నేనేం జెయ్యాలె?

పరిశోధకుడు: సమయం, చోటు ముందే ఖాయం చేసుకోండి. ‘లెక్కలు మూయంగనే, బండి ఎక్కక ముందే, రేపటి గుబుళ్లు మూడు కాగితం మీద రాస్తా.’ అందులో చేయగలిగిన దాని పక్కన రేపు పొద్దున చేసే పని రాయండి. చేయలేనిదైతే గీత కొట్టండి. లెక్కను ఒక్కసారే సరిచూడండి, రెండోసారి వద్దు. మళ్లీ మళ్లీ చూస్తే గండం తప్పింది అన్న ఊరట దొరుకుతుంది, ఆ ఊరటే రేపు మళ్లీ చూడమంటుంది. మొదటి వారం రెండు రోజులు చేసినా చాలు. అది నడిచాకే మూడో రోజు కలపండి.

శ్రోత: మారుతున్ననని ఎట్ల తెలుస్తది?

పరిశోధకుడు: మనస్తత్వ పరిశోధకుడు ఎడ్ డీనర్ బృందం 1985లో తయారుచేసిన జీవన తృప్తి కొలమానం ఉంది. అయిదు వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. మొత్తం 5 నుంచి 35, నడిమి గీత 20. అది తృప్తిని కొలుస్తుంది, గుబులును కాదు. కాబట్టి పక్కన ఒక గడిలో ఆ వారం ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో రాయండి. నెలకొకసారి నింపండి, రోజూ వద్దు. జీతం అందిన రోజు, ఇంట్లో లొల్లి అయిన రోజు నింపితే ఆ పూట మనసు ఎట్లుంటే అదే మార్కుల్లోకి వస్తుంది.

నిర్వాహకురాలు: దేవరకొండ, చెప్పండి.

శ్రోత (దేవరకొండ): మా నాయనది ముక్కుమీది కోపం. సగం రక్తంలనే ఉంటదని చదివిన. అంటే సగమే మారుతదా?

పరిశోధకుడు: చాలామంది అట్లనే అర్థం చేసుకుంటారు, పత్రికలు కూడా. కవలల అధ్యయనాల్లో వచ్చే 40, 50 శాతం అనేది జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల గురించి. మీ నాయన కోపంలో సగం కొలిచి చెప్పింది కాదు. ఎంత మారగలదో ఆ అంకె చెప్పదు. కోపం ఎక్కినప్పుడు వాదించకండి, దిగినంక ఒక్క విషయమే అడగండి.

నిర్వాహకురాలు: స్వభావం అనుకొని ఊరుకోవద్దంటే ఎప్పుడు?

పరిశోధకుడు: రెండు వారాలకు మించి దిగులు, నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, పనిమీద మనసు లేకపోవడం ఉంటే ఆగకండి. చావు ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైన్ టెలి మానస్ 14416, ఉచితం, ఇరవైనాలుగు గంటలు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో చీటీ కౌంటర్‌లో అడగండి. ఇంటి మనిషి ఒకరు వెంట పోతే మంచిది, నిద్ర ఎన్నాళ్లనుంచి లేదో వాళ్లే సరిగా చెప్పగలుగుతారు.