చాక్లెట్ సిస్ట్: ముందు ఆపరేషనా, ముందు ఐవీఎఫా?

యాంకర్: నమస్కారం. ఏ ఊళ్లో చూసినా ఐవీఎఫ్ సెంటర్ల హోర్డింగులే. ఇంకోపక్క "అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి ఉంది, వెంటనే తీసేయాలి" అనే డాక్టర్లు. ఎండోమెట్రియోసిస్ ఉండి పిల్లల కోసం చూస్తున్న అమ్మాయి ఎవరి మాట వినాలి? సర్జన్ గారూ, ఆలస్యపు పెళ్లిళ్ల వల్లే కదా ఇదంతా?

సర్జన్: పెళ్లి సంగతి తర్వాత. నెలసరి నొప్పితో ఏళ్ల తరబడి తిరిగిన మనిషికి ఒక్క స్కాన్ చూసి ఐవీఎఫ్ ప్యాకేజీ రాసిచ్చేస్తున్నారు! ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి లోపొర లాంటి కణజాలం బయట పెరిగి, వాచి, అతుకులు పడటం. ట్యూబు కదల్లేక అండాన్ని అందుకోలేదు. ఆ అతుకులు విడదీస్తే మామూలుగానే గర్భం రావచ్చు. 1997 కెనడా పరిశోధన చూడండి. తొలి దశల్లోనే లాపరోస్కోపీతో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి, జబ్బు మచ్చలు తీసినవాళ్లలో 36 వారాల్లో గర్భం వచ్చి నిలిచింది 30.7 శాతం మందికి. చూసి వదిలేసినవాళ్లలో 17.7 శాతమే.

ఫెర్టిలిటీ నిపుణురాలు: ఆ అంకె తొలి దశలకే సార్. 1999లో ఇటలీ పరిశోధనలో ఆ లాభం కనబడలేదు...

సర్జన్: అది చిన్న పరిశోధనండీ!

ఫెర్టిలిటీ నిపుణురాలు: పూర్తి చేయనివ్వండి. చాక్లెట్ సిస్ట్ లెక్క వేరు. గోడ ఒలిచేటప్పుడు దానికి అంటుకున్న మంచి అండాశయ కణజాలమూ ఊడొస్తుంది. రక్తం ఆపడానికి కరెంటుతో కాలిస్తే ఇంకా నష్టం. అందుకే కత్తి పట్టకముందే అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయాలి, స్కాన్‌లో అండాల సంచులు లెక్కపెట్టాలి. రెండువైపులా సిస్టులున్నా, ఇదివరకే ఒకసారి కోసినా మరీ జాగ్రత్త. ఐవీఎఫ్‌కు ముందు సిస్టును మామూలుగా తీయొద్దనే 2022 యూరప్ మార్గదర్శకాలూ చెప్పాయి.

సర్జన్: "మామూలుగా" అన్నారు! నొప్పి భరించలేకపోతే? ఐవీఎఫ్‌లో అండాలు తీసే సూదికి సిస్ట్ అడ్డొస్తే? స్కాన్‌లో క్యాన్సర్ అనుమానం ఉంటే? తీయాల్సిందే కదా.

ఫెర్టిలిటీ నిపుణురాలు: అక్కడ నాకూ అభ్యంతరం లేదు. కానీ...

యాంకర్: అమ్మాయిలు ముప్పై దాటాక పెళ్లి చేసుకోవడం...

సోనాలజిస్ట్: వయసు పెరిగితే అండాలు తగ్గుతాయి, నిజమే. కానీ ఈ జబ్బు పదహారేళ్ల పిల్లకూ రావచ్చు. "పెళ్లయితే తగ్గిపోతుందిలే" అంటూ బడికి వెళ్లలేనంత నొప్పిని కొట్టిపారేయడమే మనం చేస్తున్న తప్పు. ఇంకోటి, లోతుగా పాకిన వ్యాధి పైనుంచి చేసే కడుపు స్కాన్‌లో తరచూ దొరకదు. యోనిలోంచి చూసే ట్రాన్స్‌వెజైనల్ ప్రోబ్‌తో మెల్లగా నెట్టి, గర్భసంచి వెనక పేగు జారుతోందా, అతుక్కుపోయిందా చూడాలి. స్కాన్ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. సీఏ-125 రక్తపరీక్షతోనూ తేల్చలేం.

యాంకర్: మరి మాత్రలు?

ఫెర్టిలిటీ నిపుణురాలు: డైనోజెస్ట్ నొప్పికి మంచి మందే. కానీ వాడినన్నాళ్లూ అండం విడుదల ఆగుతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకు గర్భం కోసమని ఆరు నెలలు ఇస్తే ఆ ఆరు నెలలూ పోయినట్టే. ముందు భర్త వీర్యపరీక్ష చేయించాలి, అదీ మర్చిపోతున్నారు.

సర్జన్: నేనూ అదే అంటున్నా, ఆపరేషన్ చేస్తేనే అసలు పరిస్థితి తెలుస్తుంది! లోపల ట్యూబులు, వాటి కొసలు, అండాశయాలు ఎలా ఉన్నాయో చూసి, వయసూ, ఎన్నేళ్లుగా పిల్లల్లేరో కలిపి, సహజంగా గర్భం వచ్చే అవకాశం ఎంతో చెప్పే ఈఎఫ్‌ఐ స్కోరు వేస్తాం. సున్నా నుంచి పది. ఎక్కువొస్తే సహజంగా ప్రయత్నించొచ్చు, తక్కువొస్తే ఐవీఎఫ్.

ఫెర్టిలిటీ నిపుణురాలు: స్కోరు కోసమే కోస్తారా సార్? ఏఎంహెచ్ ఇప్పటికే తక్కువున్న ముప్పై ఎనిమిదేళ్ల ఆవిడకు...

సర్జన్: అందరికీ అనలేదు! అతుకులు వదిలేసి అండాలు తీస్తే నొప్పి పోతుందా? చెప్పండి, పోతుందా?

యాంకర్: మేడమ్, సమయం అయిపోతోంది. సర్జన్ గారు చెప్పినట్టు అసలు జబ్బు తీయకుండా ఐవీఎఫ్...

ఫెర్టిలిటీ నిపుణురాలు: ఆయన అలా అనలేదు, నేనూ అనలేదు. అండాలు ముందే తీసి భద్రపరిచి, తర్వాత ఆపరేషన్ చేసే దారీ ఉంది, అది చెప్పనివ్వండి...

యాంకర్: చిన్న విరామం.