వెయ్యి కాపీలా, మూడు వందలా? తొలి పుస్తకం వేసేవారితో ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. సొంత ఖర్చుతో మొదటి పుస్తకం వేసుకోవాలనుకునేవారి సందేహాలకు ఈ గంట కేటాయించాం. తెలుగు పుస్తకాల పరిష్కరణ, ప్రచురణ పనుల్లో చాలాకాలంగా ఉన్న సంపాదకులు స్టూడియోలో ఉన్నారు. నంద్యాల నుంచి మొదటి ఫోన్. చెప్పండి.

శ్రోత (నంద్యాల): నమస్కారమండీ. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. నా బడి అనుభవాలు రాశాను. డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు పెట్టించడం, చేయిస్తే డెమ్మీ సైజులో 400 పేజీలు వచ్చింది. మూడు వందల కాపీలైతే ఒక్కోటి 180 రూపాయలు పడుతుందట, వెయ్యి వేస్తే 110కే ఇస్తానంటున్నాడు ప్రెస్సు ఆయన. వెయ్యి వేయించమంటారా?

సంపాదకుడు: మాస్టారూ, డబ్బిచ్చి కొంటారని మీకు గట్టి నమ్మకమున్నవాళ్లు ఎంతమంది?

శ్రోత (నంద్యాల): పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులోనే రెండు వందల మంది ఉన్నారండీ. అందరూ అభినందనలు చెప్పారు.

సంపాదకుడు: అభినందనలకు ఖర్చు లేదు కదండీ. ప్రెస్సు ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆఫ్‌సెట్ అచ్చులో ప్లేట్ల ఖర్చు, మిషను సిద్ధం చేసే ఖర్చు ఎన్ని కాపీలైనా ఒక్కటే. కాపీలు పెరిగితే ఆ ఖర్చు అన్నిటి మీదా సర్దుకుంటుంది. అందుకే ఒక్కోటి చవకగా కనిపిస్తుంది. మీ లెక్కే చూద్దాం. మూడు వందలకు 54,000, వెయ్యికి 1,10,000. ధర 300 పెట్టారనుకోండి. దుకాణానికిస్తే కమిషన్ ముప్పై నుంచి నలభై శాతం దాకా పోతుంది. నలభై అనుకుంటే మీ చేతికి 180. రెండు వందల యాభై అమ్ముడైతే వచ్చేది 45,000. మూడు వందలు వేసినవారికి తొమ్మిది వేలు నష్టం, వెయ్యి వేసినవారికి అరవై అయిదు వేలు. పైగా మంచం కింద ఏడు వందల యాభై కాపీలు.

శ్రోత (నంద్యాల): అంటే మూడు వందలు వేసినా నష్టమేనా?

సంపాదకుడు: పుస్తకం 400 పేజీలున్నంత కాలం, అవును. ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలను ఫారం అంటారు. డెమ్మీలో ఫారానికి 16 పేజీలు. మీది 25 ఫారాలు. కాగితం, అచ్చు, బైండింగు అన్నీ ఆ ఇరవై అయిదు మీదే నడుస్తాయి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పుస్తకంలో సన్మానపత్రాలు పెట్టారా?

శ్రోత (నంద్యాల): పెట్టానండీ... చివర్లో. బదిలీ ఉత్తర్వులు కూడా ఉన్నాయి. ఫొటోలు ఒక ముప్పై.

సంపాదకుడు: అవి మీ ఇంట్లో ఆల్బంలో ఉండాల్సినవి. పిల్లలను గురించి రాసిన అధ్యాయాలు ఏమైనా ఉన్నాయా?

శ్రోత (నంద్యాల): ఒకటుంది. వేరుశనగ పీకే రోజుల్లో బడికి ఎవరూ వచ్చేవారు కాదు. నేనే హాజరు పట్టీ పట్టుకుని చేలోకి వెళ్లి గట్టు మీద పాఠం చెప్పేవాణ్ణి.

సంపాదకుడు: అది ఎన్నో పేజీలో ఉంది?

శ్రోత (నంద్యాల): రెండు వందల పైనే ఉంటుందండీ.

సంపాదకుడు: మొదటి పేజీకి తీసుకురండి. పుట్టుక, వంశవృక్షం, ఉద్యోగంలో చేరిన తేదీ, వీటితో మొదలుపెడితే పాఠకుడు మీ చేను దాకా రాడు. పుస్తకాన్ని 200 పేజీల లోపుకు దించండి, ఫారాలు సగమవుతాయి. మీకు పరిచయం లేని ఒకరికిచ్చి ఎక్కడ విసుగు పుట్టిందో పెన్సిలుతో గీయమనండి. మీ శిష్యులకు ఇవ్వకండి, వాళ్లు గీయరు.

నిర్వాహకురాలు: (నవ్వుతూ) వరంగల్ నుంచి మరో శ్రోత.

శ్రోత (వరంగల్): నమస్తే సార్. నేను కథలు ఫోన్‌లోనే టైపు చేస్తాను. డీటీపీ ఆయనకు పంపితే పేజీలు పెట్టి ఇచ్చారు. చూస్తే నేను చేయని తప్పులు చాలా కనిపిస్తున్నాయి. ఆయనేమో మీ ఫైలులోనే అలా ఉందంటున్నారు.

సంపాదకుడు: ఆఫీస్‌లో, ఫేస్‌బుక్ లాంటి మాటలు ఎలా వచ్చాయమ్మా?

శ్రోత (వరంగల్): అవే సార్! ‘స’ కింద ‘ల’ వత్తు, ‘స’ కింద ‘బ’ వత్తు పడిపోయాయి.

సంపాదకుడు: తప్పు మీది కాదు, పూర్తిగా ఆయనదీ కాదు. మీరు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల పద్ధతి. చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే నడుస్తున్నాయి. యూనికోడ్‌ను అందులోకి మార్చేటప్పుడు, పొల్లును పొల్లుగా నిలబెట్టే కనిపించని గుర్తు ఎగిరిపోతుంది. దాంతో తర్వాతి అక్షరం కిందికి దిగి వత్తయిపోతుంది. కొటేషన్ గుర్తులు కూడా తారుమారవుతాయి. యూనికోడ్‌లోనే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేజీలు పెట్టేవారు దొరికితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. రేపు ఈబుక్ చేయాలన్నా ఆ ఫైలే పనికొస్తుంది. అను ఫాంట్లలో ఉన్నదాన్ని మళ్లీ వెనక్కి మార్చాలంటే మరో విడత తప్పులు.

శ్రోత (వరంగల్): ఇప్పుడు ప్రూఫులు నేనే చూసుకోవచ్చా?

సంపాదకుడు: ఒకసారి చూడండి, కానీ మీరొక్కరే చూస్తే చాలదు. మీ వాక్యం మీకు కంఠతా వచ్చు కాబట్టి పేజీలో లేని అక్షరం కూడా మీ కంటికి కనిపిస్తుంది. కాగితం మీద ప్రింటు తీయించి, ఇంకొకరు పైకి చదువుతుంటే మీరు మూలప్రతిలో చూడండి. చివరి పీడీఎఫ్ వచ్చాక విషయసూచికలోని పేజీ నంబర్లు, పేజీ పైన కథల పేర్లు, వెనక అట్ట మీది మాటలు విడిగా చూడండి. అట్ట మీది తప్పును ఎవరూ పట్టించుకోరు, అచ్చయ్యాక మాత్రం అందరూ చూస్తారు.

నిర్వాహకురాలు: బెంగళూరు నుంచి ఒక శ్రోత చాలాసేపుగా లైనులో ఉన్నారు.

శ్రోత (బెంగళూరు): నమస్కారం. నా కవితలు వేస్తామని ఒక సంస్థ ప్యాకేజీ పంపింది. పుస్తకం గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు, కాపీరైటుకు, ఒక పురస్కారానికి కలిపి నలభై వేలు. మంచిదేనంటారా?

సంపాదకుడు: పురస్కారం ధర కూడా అందులోనే ఉందా? ఆ ఒక్క వరుస చాలండీ, పారిపోవడానికి. మన దేశంలో ఐఎస్‌బీఎన్‌ను కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయిత కూడా వారి పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. కాపీరైటు మీరు కవిత రాసిన క్షణమే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు.

శ్రోత (బెంగళూరు): ఒప్పందం మీద సంతకం పెట్టలేదు ఇంకా.

సంపాదకుడు: పెట్టేముందు మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. హక్కులు ఎవరివి, ఎన్నేళ్లకు? పేజీల ఫైలు మీ చేతికిస్తారా? మిగిలిన కాపీలు ఎవరివి? ఖర్చంతా మీదై హక్కులు వారివైతే, దాన్ని ప్రచురణ అనరు.

శ్రోత (బెంగళూరు): మరి సొంతంగా వేసుకుంటే చిన్నచూపు ఉండదా?

సంపాదకుడు: కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో సొంత అచ్చుకూటమే పెట్టుకున్నారు. తెలుగులో కవిత్వం సగానికి సగం కవుల సొంత డబ్బుతోనే వచ్చిందని నా అనుమానం. ఆ బెంగ వదిలేయండి.

నిర్వాహకురాలు: శ్రీకాకుళం నుంచి, చెప్పండి.

శ్రోత (శ్రీకాకుళం): నమస్కారం సార్. నా నవలలో ప్రతి అధ్యాయం పైన ఒక సినిమా పాట పల్లవి పెట్టాను. ఇబ్బందా?

సంపాదకుడు: ఇబ్బందే. రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ఆ లెక్క మరుసటి ఏడాది జనవరి నుంచి మొదలవుతుంది. అంటే 1964లో పోయిన కవి రచనలు 2025 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. సినిమా పాటల హక్కులు తరచూ కంపెనీల దగ్గర ఉంటాయి, అనుమతికి రుసుము అడగవచ్చు. సమీక్షలోనో విమర్శలోనో రెండు పాదాలు ఉటంకించడం వేరు, అలంకారానికి వాడుకోవడం వేరు. తీసేయండి. అధ్యాయం బాగుంటే పల్లవి అక్కర్లేదు.

శ్రోత (శ్రీకాకుళం): ముందుమాటలు అయిదుగురిని అడిగాను...

సంపాదకుడు: అయిదా! పాఠకుడు నవల గుమ్మంలోనే నిలబడి అయిదు ఉపన్యాసాలు వినాలా? ఒకటి ఉంచండి, అదీ పుస్తకం పూర్తిగా చదివినవారిది. ఇంకో మాట. ఆవిష్కరణ సభ పెట్టుకోండి, కాదనను. కాని శాలువాలకు, భోజనాలకు అయ్యే డబ్బును అచ్చు ఖర్చులో కలిపి చూసుకోండి. సభలో పుస్తకాన్ని ఊరికే పంచకండి. తలుపు దగ్గర బల్ల వేసి, చిల్లరతో ఒక మనిషిని కూర్చోబెట్టండి.

నిర్వాహకురాలు: చివరి ఫోన్, కరీంనగర్ నుంచి. సమయం తక్కువ ఉంది.

శ్రోత (కరీంనగర్): మా ఊరి చరిత్ర రాసి అచ్చు వేయించానండీ. ఊళ్లో కొన్నారు. బయటివారికి ఎలా చేర్చాలి?

సంపాదకుడు: పుస్తకాలను చవకగా పంపే పాత బుక్‌పోస్టు ఇప్పుడు లేదు. 2025 మే నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. వెనక అట్ట మీద ఎవరి దుకాణం ప్రకటనైనా వేశారా?

శ్రోత (కరీంనగర్): మా బావమరిది ఎరువుల దుకాణానిది ఉందండీ. కాగితం ఖర్చు ఆయనే భరించాడు.

సంపాదకుడు: అయితే ఈ ముద్రణను మామూలు పార్సిల్‌లోనో కొరియర్‌లోనో పంపండి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరు ప్రాంతంలో, విజయవాడది జనవరిలో జరుగుతాయి. స్టాలు అద్దెకు తీసుకోకండి, ఒక్క పుస్తకంతో అద్దె గిట్టదు. ఎవరైనా ప్రచురణకర్త స్టాలులో పది కాపీలు పెట్టించండి, రసీదు తీసుకోండి. గ్రంథాలయాల కొనుగోలు ప్రకటన వస్తే దరఖాస్తు పెట్టండి, ఆ డబ్బును మాత్రం ముందే లెక్కలో వేసుకోకండి. ఇంకొకటి, 1954 నాటి చట్టం ప్రకారం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి పంపాలి. ఊరి చరిత్ర కాబట్టి మీరు తప్పక పంపండి.

శ్రోత (కరీంనగర్): అచ్చయి రెండు నెలలైందండీ.

సంపాదకుడు: ఆలస్యమైనా రేపే పంపండి. రసీదులు దాచుకోండి.

నిర్వాహకురాలు: లైనులో ఉండిపోయినవారి ప్రశ్నలు వచ్చేవారం తీసుకుంటాం. నమస్కారం.