సిమ్ మార్చినంత మాత్రాన చెరువు నిండదు

[భద్రకాళి చెరువు కట్ట. సాయంత్రం. ఒక చేతిలో పాత ఫోను, ఇంకో చేతిలో కొత్త ఫోను.]

నమస్కారం. ఈ నెలలో ఒకే ప్రశ్న నన్ను ఏడుగురు అడిగారు. "సిమ్ తీసి కొత్త ఫోనులో వేశాను, ఫొటోలు ఎందుకు రాలేదు?" ఆరుగురికి ఓపికగా చెప్పాను. ఏడో ఆయన మా వీధిలో ఉండే రిటైర్డు హెడ్‌మాస్టరు. ఆయనకు చేతులు జోడించి, "సార్, రేపు వీడియో చేస్తాను, చూడండి" అన్నాను. సార్, ఇది మీ కోసమే.

సిమ్‌లో ఫొటోలు ఉండవు. ఎన్నడూ లేవు. కీప్యాడ్ ఫోన్ల కాలంలో సిమ్ మారిస్తే నంబర్లు వెంట వచ్చేవి, అది నిజం. సాధారణంగా ఒక సిమ్‌లో 250 పేర్ల వరకు పట్టేవి. ఆ అలవాటు మనల్ని ఇంకా వదల్లేదు. ఇప్పుడు మీ నంబర్లు కూడా చాలావరకు సిమ్‌లో లేవు, గూగుల్ ఖాతాలోనో ఫోను మెమరీలోనో ఉన్నాయి. సిమ్ అంటే ఈ కట్ట మీద పాతిన పేరు బోర్డు లాంటిది. బోర్డు పీకి తీసుకెళ్లి వడ్డేపల్లి చెరువు గట్టున పాతితే భద్రకాళి చెరువు నీళ్లు అక్కడికి నడిచి వెళ్తాయా? బోర్డు వెళ్తుంది, అంతే.

చెరువు మాట ఊరికే తేలేదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి ఓరుగల్లు వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పై చెరువు నిండితే మత్తడి దూకి, ఆ నీరు కింది చెరువులోకి చేరుతుంది. పొలానికి కావాలంటే తూము తెరుస్తారు. అంటే నీరు కదలాలంటే ఒక దారి ఉండాలి, ఆ దారిని ఎవరో తెరవాలి. ఫోను మార్చడంలో నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. మీ పాత ఫోను పై చెరువు, కొత్తది కింది చెరువు. చిక్కు ఏమిటంటే, ఈ చెరువుకు ఒక్క తూము కాదు, కనీసం నాలుగున్నాయి. ఒకటి తెరిచి, మిగతావి మూసి ఉంచి, నీళ్లు రాలేదని నాకు ఫోను చేస్తారు.

[తెర మీద: బ్యాకప్, సింక్ అనే రెండు మాటలు]

ఇప్పుడు నాకు అసలు కోపం తెప్పించే విషయం. ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కావు. మీ చెరువులోంచి నీళ్లు తోడి ఒక డ్రమ్ములో పోసి, మూత పెట్టి పక్కన ఉంచారు. అది బ్యాకప్. రేపు చెరువు ఎండినా డ్రమ్ములో నీళ్లు డ్రమ్ములోనే ఉంటాయి. సింక్ అలా కాదు. రెండు చెరువుల మధ్య అడుగున కాలువ తవ్వి, గేటు లేకుండా వదిలేశారు. రెండింట్లో నీటి మట్టం ఎప్పుడూ సమానం. ఇక్కడ తోడితే అక్కడా తగ్గుతుంది.

మా చిన్నమ్మది నర్సంపేట. 2024 మేడారం జాతరలో మనవడికి నిలువెత్తు బంగారం తూచారు. బంగారమంటే బెల్లమే, బయటి జిల్లాల వాళ్లు కంగారు పడకండి. ఆ ఫొటోలు నలభై దాకా ఉన్నాయి. ఆమె కొత్త ఫోను కొన్నది, పాతది బావకు ఇద్దామనుకుంది. కొత్త ఫోనులో గూగుల్ ఫొటోస్ తెరిచి చూసింది. అన్నీ ఉన్నాయి. "వచ్చేశాయి కదా" అని పాత ఫోనులో అదే యాప్ తెరిచి, కూర్చుని, ఒక్కొక్కటీ డిలీట్ చేసింది. ఎంత శ్రద్ధగా చేసిందో! సాయంత్రానికి కొత్త ఫోనులోనూ లేవు. నిజానికి అవి కొత్త ఫోనులోకి రానే లేదు. గూగుల్ ఖాతాలో ఉన్నవాటిని కొత్త ఫోను అద్దంలా చూపించింది. ఖాతాలోంచి పోగానే అద్దంలోనూ పోయాయి.

మన చిన్నమ్మ అదృష్టవంతురాలు. ఆ యాప్‌లో చెత్తబుట్ట ఉంటుంది. ఖాతాలోకి ఎక్కిన ఫొటోలు డిలీట్ చేశాక 60 రోజులు అందులో ఉంటాయి, ఖాతాలోకి ఎక్కనివైతే 30 రోజులే. ఆమె నాకు చెప్పింది పదో రోజున. తిరిగి తెచ్చాను. రెండు జొన్న రొట్టెలు, అంకాపూర్ తరహా కోడి కూర నా ఫీజు.

ఇందులో తప్పు చిన్నమ్మది మాత్రమే అనను. ఆ యాప్‌లో బటన్ పేరు బ్యాకప్, నడత మాత్రం సింక్. ఆ పేరు పెట్టిన వాళ్లను ఒకసారి ఈ కట్ట మీదికి పిలిచి, నీళ్లు చూపించి మాట్లాడాలని ఉంది. ఫోనులో చోటు కావాలంటే ఒక్కొక్క ఫొటో డిలీట్ చేయకండి. అదే యాప్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' అని ఉంటుంది. అది ఖాతాలో ఉన్నవాటిని ముట్టదు, ఫోనులోని నకళ్లను మాత్రమే తీసేస్తుంది.

ఇంకో మాట. ఫొటోలు ఎన్ని దాచుకున్నా ఉచితం అన్న రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఇప్పుడు ఫొటోలు, మెయిళ్లు, డ్రైవ్ అన్నీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. చెరువు నిండితే మత్తడి దూకే చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. ఖాతా నిండితే చిన్న నోటీసు వస్తుంది, మనం దాన్ని వేలితో పక్కకు తోసేస్తాం. ఆ రోజు నుంచి తీసిన ఫొటోలేవీ పైకి ఎక్కవు. "గూగుల్‌లో ఉన్నాయి కదా" అనే ముందు, చివరి ఫొటో ఏ తారీఖుదో చూడండి.

[రెండు ఫోన్లను తీగతో కలుపుతూ]

సరే, మొదటి తూము. ఫోను నుంచి ఫోనుకు నేరుగా. కొత్త ఫోను మొదటిసారి ఆన్ చేయగానే, పాత ఫోను నుంచి తెచ్చుకుంటారా అని అడుగుతుంది. అప్పుడు "తర్వాత" అని నొక్కే వాళ్లంటే నాకు భయం. దుకాణంలో కుర్రాడు తొందరగా పని కావాలని అదే నొక్కి, మెరుస్తున్న ఖాళీ ఫోను చేతిలో పెడతాడు. హనుమకొండలో ఒక దుకాణంలో అయితే "డేటా ట్రాన్స్‌ఫర్" పేరుతో మా స్నేహితుడి దగ్గర మూడు వందలు తీసుకుని, గూగుల్ ఖాతా పెట్టి పంపారు. అది కాలువ కలపడమే, నీళ్లు తేవడం కాదు.

ఇంటికి తెచ్చుకుని, రెండు ఫోన్లూ నిండా ఛార్జ్ చేసి, తీగతో కలిపి చేయండి. వైఫైతోనూ అవుతుంది, కానీ నన్నడిగితే తీగే మేలు. మధ్యలో తెగదు. మొదట్లో ఆ అవకాశం దాటిపోతే ఆండ్రాయిడ్‌లో మరో దారి ఉంది, ఫోను కంపెనీల సొంత యాప్‌లు. శాంసంగ్ వాళ్లకు స్మార్ట్ స్విచ్, షావోమీకి ఎంఐ మూవర్, వివోకు ఈజీ షేర్, ఒప్పోకు క్లోన్ ఫోన్. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేవాళ్లు పాత ఫోనులో 'మూవ్ టు ఐఓఎస్' యాప్ వేసుకుని, ఐఫోన్ మొదటి అమరిక సమయంలోనే చేయాలి. ఆ దశ దాటించేశారంటే, ఐఫోన్‌ను చెరిపి మళ్లీ మొదటి నుంచి రావడమే.

దీనికి ముందు పూడిక తీయండి, దయచేసి. ఈ భద్రకాళి చెరువునే 2024 చివర్లో ఖాళీ చేసి పూడిక తీయడం మొదలుపెట్టారు. మీ ఫోను చెరువులో పూడిక ఏమిటో మీకు తెలుసు. పొద్దున్నే వచ్చే గులాబీ పువ్వు శుభోదయాలు. మా హెడ్‌మాస్టరు గారి ఫోనులో అవే పదకొండు వేలున్నాయి. సార్, నేను లెక్కపెట్టాను.

రెండో తూము వాట్సాప్. దీనికి వేరే కట్ట, వేరే నీళ్లు. ఫోను మొత్తం తీగతో తెచ్చుకున్నా, చాట్లు దానంతట అవి వస్తాయని నమ్మకండి. రెండు ఫోన్లూ ఎదురుగా ఉంటే తేలిక దారి ఒకటి ఉంది, 2023లో వచ్చింది. పాత ఫోనులో వాట్సాప్ సెట్టింగ్స్, అందులో చాట్స్, అందులో 'ట్రాన్స్‌ఫర్ చాట్స్'. కొత్త ఫోనులో అదే నంబరుతో వాట్సాప్ మొదలుపెడితే క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది, దాన్ని పాత ఫోనుతో స్కాన్ చేయాలి. మధ్యలో గూగుల్ లేదు, డ్రమ్ము లేదు. ఈ చెరువు నుంచి ఆ చెరువుకు నేరుగా పైపు. రెండూ ఆండ్రాయిడ్ అయినా, రెండూ ఐఫోన్ అయినా పనిచేస్తుంది.

పాత ఫోను పగిలిపోయి ఉంటే డ్రమ్మే దిక్కు. ఆండ్రాయిడ్‌లో అది గూగుల్ ఖాతాలో ఉంటుంది, ఇప్పుడు ఆ 15 జీబీలోనే లెక్క. అదే నంబరు, అదే గూగుల్ ఖాతా ఉండాలి. "రిస్టోర్" అని అడిగినప్పుడు ఆదరాబాదరాగా "స్కిప్" నొక్కారా, చాట్లు లేని వాట్సాప్ తెరుచుకుంటుంది. ప్రమాదం అక్కడితో ఆగదు. ఆ రాత్రి అది ఖాళీ చాట్లను బ్యాకప్ చేస్తే, నిండిన డ్రమ్ము పారబోసి అదే డ్రమ్ములో గ్లాసెడు నీళ్లు పోసినట్టే. స్కిప్ నొక్కిన వాళ్లు రాత్రి దాకా ఆగకుండా, అప్పుడే యాప్ తీసేసి మళ్లీ వేసుకుని రిస్టోర్ చేయండి. ఇక ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్, అంటే డ్రమ్ముకు తాళం, పెట్టుకున్న వాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోతే, దాన్ని తెరవడం వాట్సాప్ కంపెనీ వల్ల కూడా కాదు.

గూగుల్ ఖాతాలో ఉన్న వాట్సాప్ డ్రమ్మును తెరవడం ఐఫోన్ వల్ల కాదు, అది కూడా గుర్తుంచుకోండి. ఇందాక చెప్పిన 'మూవ్ టు ఐఓఎస్'లోనే వాట్సాప్‌ను టిక్ చేయాలి.

[వెలుతురు తగ్గుతోంది]

అయ్యో, చీకటి పడుతోంది. దోమలు మొదలయ్యాయి. మిగతావి గబగబా.

మూడో తూము, ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు. ఇక్కడ నీళ్లు ఫోనులో లేనే లేవు, బ్యాంకులో ఉన్నాయి. ఫోను నీరటి లాంటిది, తూము తెరిచే మనిషి. కొత్త నీరటిని బ్యాంకుకు పరిచయం చేయాలి. అందుకే యాప్ మీ సిమ్ నుంచి ఒక ఎస్‌ఎంఎస్ పంపుతుంది. ఎట్టకేలకు సిమ్‌కు పని దొరికింది! రెండు సిమ్‌లుంటే బ్యాంకులో ఇచ్చిన నంబరునే ఎంచుకోండి, ఎస్‌ఎంఎస్ పంపే రీఛార్జ్ ఉండాలి. యూపీఐ పిన్ పాతదే సరిపోతుంది. కొత్త ఫోనులో తొలి 24 గంటలు సాధారణంగా 5,000 రూపాయల పరిమితి ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి లావాదేవీ ఉన్న రోజు ఫోను మార్చకండి. "మీ ఫోను మార్చాం, పిన్ చెప్పండి" అని ఎవరైనా అడిగితే వాళ్లు దొంగలు.

నాలుగోది ఆథెంటికేటర్, అంటే ఆరంకెల కోడ్ ఇచ్చే యాప్. ఆఫీసు మెయిలుకు వాడేవాళ్లు పాత ఫోను చేతిలో ఉండగానే అందులోంచి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. పాతది చెరిపేశాక నన్ను అడగకండి, నేను కూడా ఏడుస్తాను.

డిజిలాకర్‌లో ఆధార్, లైసెన్సు ఖాతాలోనే ఉంటాయి, లాగిన్ అయితే చాలు. ఈ-సిమ్, అంటే చేత్తో తీసి వేసే ముక్క లేని సిమ్, ఉన్న వాళ్లు మీ సిమ్ కంపెనీ యాప్‌లో మార్చుకోండి. మెమరీ కార్డు ఉంటే తీసుకోండి, దాన్ని లోపలే ఉంచి పాత ఫోను ఇచ్చేసిన వాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

పాత ఫోను ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేయండి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోనులో ఉన్నదంతా చెరిపేయడం. ఖాతా తీయకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, కొత్తగా తీసుకున్న వాళ్లను మీ పాస్‌వర్డ్ అడుగుతుంది, అర్ధరాత్రి మీకే ఫోను వస్తుంది. ఐఫోన్ అయితే పోయిన ఫోనును వెతికే 'ఫైండ్ మై' ఆపేయాలి.

ఎప్పుడు రీసెట్ చేయాలని అంటారా? రెండు వారాలు అల్మారాలో పెట్టండి. మా చిన్నమ్మ ఫోను నెల రోజులు బియ్యం డబ్బా పక్కన ఉంది, బావ రోజూ అడుగుతున్నా ఇవ్వలేదు. మొన్ననే ఇచ్చింది. ఇచ్చే ముందు నాకు వీడియో కాల్ చేసి, కొత్త ఫోనులో మనవడి బెల్లం ఫొటోలు ఒక్కొక్కటీ చూపించి, "లెక్క సరిపోయిందా?" అని అడిగింది. నలభై ఒకటి ఉన్నాయి, చిన్నమ్మా.

[కెమెరా ఆపుతూ] దోమలు కుడుతున్నాయి, ఉంటాను.