టైరు పెరిగితే క్రౌన్ మారాలి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున గండిపేట మట్టిదారులు వదులుకుని ఈ షెడ్డుకు వచ్చారు. అందుకని నేరుగా విషయంలోకి వెళ్తాను.

హైదరాబాదులో జీపుకు పెద్ద టైర్లు వేయించినవాళ్లు నెల తిరక్కుండానే ఒక మాట అంటారు: "బండి లాగడం లేదండీ." మెకానిక్కు ఫిల్టర్లు మారుస్తాడు, ఇంజెక్టర్లు విప్పుతాడు, క్లచ్ ప్లేటు మారుస్తాడు. ఇంజనులో జబ్బేమీ లేదు. జబ్బు లెక్కలో ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత టైరు 235/70 ఆర్ 16. దాని ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు. కొత్తది 285/75 ఆర్ 16. అది 834. ఇరుసులో చక్రాలను తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్ వీలు, ఇంజను వైపు నుంచి దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం పినియను. క్రౌన్ వీలుకు 41 పళ్లు, పినియనుకు 10 పళ్లు ఉన్నాయనుకోండి. అంటే నిష్పత్తి 4.10: చక్రం ఒక చుట్టు తిరగాలంటే పినియను 4.10 చుట్లు తిరగాలి. ఈ అంకె తగ్గితే లాగే బలం తగ్గుతుంది. టైరు మార్చిన రోజున మీరు క్రౌన్ ముట్టుకోలేదు. అయినా ఇంజనుకు మాత్రం ఎవరో 4.10 తీసేసి 3.61 బిగించినట్టే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్ మీద వేలాడటం, ట్రాఫిక్కులో రెండో గేరు వదలలేకపోవడం, ఐదో గేరు ఊరికే పడి ఉండటం, అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

సూత్రం చిన్నది. పాత నిష్పత్తిని కొత్త టైరు ఎత్తుతో హెచ్చించి, పాత టైరు ఎత్తుతో భాగించాలి. మన ఉదాహరణలో 4.65 వస్తుంది. అయితే టైరు మీద రాసిన కొలత, బరువు పడ్డాక నేల మీద నడిచే కొలత ఒకటి కావు. కాబట్టి నేను కాగితాన్ని నమ్మను, సుద్దముక్కను నమ్ముతాను. చదునైన సిమెంటు నేల మీద బండి నిలిపి, టైరు నేలను తాకే చోట టైరుకూ నేలకూ కలిపి ఒక గీత గీయండి. గాలి మీరు రోజూ ఉంచేంతే ఉండాలి. పది చుట్లు నెమ్మదిగా తోయించి, టేపు పట్టండి. పాత టైరుకు 22.4 మీటర్లు, కొత్తదానికి 25.4 మీటర్లు వచ్చాయనుకుందాం. ఒక చుట్టుకు 2.24, 2.54. ఈ రెండింటితో లెక్కిస్తే దాదాపు అదే 4.65 వస్తుంది. పాత టైర్లు అమ్మేశాక కొత్తదాన్ని మాత్రం సుద్దతో కొలిచి, పాతదానికి కాగితం మీది 735 వాడితే 4.51 వస్తుంది. ఆ పొరపాటు మిమ్మల్ని తక్కువ క్రౌన్ వైపు నెడుతుంది. కొలిస్తే రెండూ కొలవండి, లేదా రెండూ కాగితం మీదే లెక్కించండి.

4.65 అని అడిగితే దొరకదు. దొరికేవి 4.56, 4.88. ఏది కొనాలి? ఐదో గేరు నిష్పత్తి 0.8 ఉన్న డీజిల్ బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇంజను నిమిషానికి 1,950 చుట్లు తిరిగేది. పెద్ద టైర్లు వేసి క్రౌన్ మార్చకపోతే 1,720కి పడిపోతుంది. ఇంజనులోకి గాలి నెట్టే టర్బో ఊపందుకోవాల్సిన చోటికి దిగువకు జారుతోందన్నమాట. 4.56తో 1,915, 4.88తో 2,050. అవుటర్ రింగ్ రోడ్డు మీద 100లో పోయినా 4.88తో 2,560 దాటదు. డీజిలుకు అది ఇబ్బంది కాదు.

నా ఓటు 4.88కే. సూత్రం టైరు ఎత్తును మాత్రమే సరిచేస్తుంది, బరువును కాదు. మట్టి టైరు పాతదానికంటే బాగా బరువు. ఆ బరువును కదిలించడానికీ ఆపడానికీ కూడా శక్తి కావాలి. కానీ ఒక మినహాయింపు ఉంది. 4.56 అంటే 41కి 9 పళ్లు, 4.88 అంటే 39కి 8. పినియను చిన్నదవుతుంది, బలం తగ్గుతుంది. అనంతగిరి వైపు రాళ్లలో చక్రం ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటరు మీద కోపం చూపించే అలవాటు ఉంటే 4.56 దగ్గరే ఆగండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంనాటి విల్లీస్ ఎంబీ జీపుకు 4.88 ఉండేది. 1945లో పొలం పనులకోసం వచ్చిన సీజే-2ఏకు 5.38 పెట్టారు. అదే 2.2 లీటర్ల ఇంజను. పని మారింది కాబట్టి క్రౌన్ మారింది.

ఫోర్ వీల్ బండి అయితే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ ఒకే నిష్పత్తి ఉండాలి. ఖర్చుకు భయపడి వెనకది ఒక్కటే మార్చి, పట్టున్న నేల మీద ఫోర్ వీల్ వేస్తే, రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పెనుగులాడి, వాటికి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసును విరిచేస్తాయి. కాబట్టి టైర్ల ధర అడిగేటప్పుడే రెండు క్రౌన్ల ధర, బేరింగుల ధర, కూలీ కలిపి అడగండి. ఆ మొత్తం మీ చేతిలో లేకపోతే ఒక సైజు చిన్న టైరు వేసుకోండి. అప్పుడు బండి కంపెనీ క్రౌన్‌తోనే హాయిగా నడుస్తుంది. ఇంకొక మాట: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ వివరాలకు భిన్నమైన మార్పులను కట్టడి చేస్తుంది. డబ్బు పెట్టకముందే ఆ నిబంధన చదవండి.

ఇక బిగింపు. నాలుగేళ్ల కిందట నా బండికి ఒక వర్క్‌షాపులో కొత్త క్రౌన్ వేయించాను. వికారాబాద్ చేరేలోపే 60 వేగం దగ్గర సన్నటి ఊళ మొదలైంది. యాక్సిలరేటరు వదిలితే ఆగేది, తొక్కితే మళ్లీ వచ్చేది. విప్పి చూస్తే పళ్ల మధ్యభాగం కొత్తదానిలాగే ఉంది, కొస అంచు మాత్రం అద్దంలా మెరుస్తోంది. పినియను ఎంత లోతుగా కూర్చోవాలో సరిచేసే పలుచటి రేకు, అంటే షిము, కొలత తప్పింది. పళ్లకు రంగు పేస్టు పూసి, అవి ఒకదానికొకటి తాకిన అచ్చు చూసి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది. నాకు రెండోసారి జత కొనాల్సి వచ్చింది. క్రౌన్, పినియను జతగా నూరిన వస్తువులు, ఒకటి పాడైతే రెండూ పోయినట్టే.

మెకానిక్కును రెండు ప్రశ్నలు అడగండి: పేస్టు అచ్చు చూపిస్తారా, డయల్ గేజితో కొలిచి పళ్ల మధ్య ఖాళీ, అంటే ప్లే, ఎంత పెడతారు? చాలా ఇరుసులకు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉండాలి. చేత్తో ఊపి చూసి "సరిపోయింది" అంటే బండి బయటికి తెచ్చేయండి. బిగించాక మొదటి పాతిక కిలోమీటర్లు మెల్లగా నడిపి, ఇరుసు పూర్తిగా చల్లారనివ్వండి. 800 కిలోమీటర్ల దగ్గర ఇరుసులోని జీఎల్-5 గేరు నూనె మార్చేయండి. స్పీడోమీటరు చక్రాల దగ్గరి సెన్సర్ల నుంచి లెక్క తీసుకునే బండి అయితే క్రౌన్ మార్చినా తప్పే చూపిస్తుంది. 80 అంటే నిజంగా 90 దాటి పోతున్నట్టు.

ఈ బల్ల మీద విప్పిన ఇరుసుంది. పళ్లకు పసుపు పేస్టు ఇప్పుడే పూశాను. ఒకరు క్రౌన్‌ను చేత్తో తేలిగ్గా అదిమి పట్టండి, నేను పినియను తిప్పుతాను. అచ్చు మధ్యలో పడిందో కొసకు పోయిందో మీ కళ్లతో మీరే చూడండి. దగ్గరికి రండి.