ఇథనాల్ తీసేశాక మిగిలేదాని సంగతి

అందరికీ నమస్కారమండి. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపాక మైలేజీ పడిపోయిందని బంకు దగ్గర గొడవపడ్డవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు, ఆ గొడవలోకి ఇవాళ నేను దిగట్లేదు. ఇథనాల్ తీసేశాక ఫ్యాక్టరీలో ఏం మిగులుతుంది, దాన్ని ఏం చెయ్యొచ్చు, అదే మాట్లాడదాం.

టన్ను మొక్కజొన్న వేస్తే సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. ఈస్ట్ తినేది పిండిపదార్థాన్నే, ప్రొటీను, నూనె, పీచు దానికి అక్కర్లేదు, అంచేత అవన్నీ కలిసి ఓ 300 కిలోల ఎండు దాణాగా మిగులుతాయి, దాన్నే డీడీజీఎస్ అంటారు. గింజలో 9 శాతం ఉన్న ప్రొటీన్ ఇందులో 27 నుంచి 30 అవుతుంది. నూకలతో చేస్తే 45 దాకా పోతుంది, అంటే ఇంచుమించు సోయా చెక్కంత.

ఇంత మంచి సరుకైతే ఇబ్బందేంటి అంటారా? నీళ్ళండి బాబూ. ఇథనాల్ తీశాక మిగిలిన గంజిని గిర్రున తిప్పి నీళ్ళు వేరుచేసే డికాంటర్ లోంచి పడ్డ తడి ముద్ద, అంటే వెట్ కేక్, గుప్పెడు తీసుకుంటే వేడివేడిగా, పులిసిన పిండి వాసనతో ఉంటుంది, మూడొంతుల్లో రెండొంతులు నీళ్ళే. మన వైజాగ్ ఉక్కకి రెండు మూడు రోజుల్లో బూజు పట్టేస్తుంది. ఆరబెడదామంటే డ్రయ్యరుకి ఆవిరి కావాలి, ఆవిరికి చాలా చోట్ల బొగ్గే. ముందు గ్రీన్ ఫ్యూయల్ బోర్డు పెట్టి వెనకాల బొగ్గు కాల్చడం నాకైతే మింగుడుపడదు. దగ్గర్లో డెయిరీలుంటే తడిదే ఏ రోజుకారోజు పంపెయ్యాలి, కేక్ తీశాక మిగిలే పల్చటి నీళ్ళని గోబర్ గ్యాస్ ప్లాంటు లాంటి డైజెస్టర్లో వేసి బయోగ్యాస్ చేసి బాయిలర్‌కి ఇవ్వాలి, అప్పుడు డ్రయ్యరు ఖర్చులో కొంతైనా దాని చెత్తే భరిస్తుంది.

అనకాపల్లి, చోడవరం వైపు వాళ్ళకి మొలాసిస్ తెలుసుగా, చెరకు నుంచి చక్కెర తీశాక మిగిలే మడ్డి, దాంతో చేసే ఇథనాల్ కథ వేరు. లీటరు ఆల్కహాల్‌కి 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ అనే మురికినీరు వస్తుంది, నల్లగా, సీఓడీ, అంటే ఆ మురికి విరగడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క, లీటరుకి లక్ష మిల్లీగ్రాముల పైమాట, గెడ్డలో వదిలితే చేపలు చచ్చిపోతాయి. ఇందులోంచీ మీథేన్ తియ్యొచ్చు, కాకపోతే గంధకం ఎక్కువ కాబట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేయకపోతే ఇంజన్లు తినేస్తుంది. చిక్కబరిచి బాయిలర్లో కాలిస్తే బూడిదలో పొటాష్ మిగులుతుంది, మనం వాడే పొటాష్ ఎరువు దాదాపు అంతా షిప్పుల్లో దిగేదేనని గుర్తుపెట్టుకోండి.

ఇక రొయ్యలు, ఈ తీరంలో వాటి మాట ఎత్తకుండా ఎలా. డీడీజీఎస్‌లో ఎదుగుదలకి కావలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పీచు ఎక్కువ, రొయ్యల మేతలో సోయా మొత్తం తీసేసి ఇదే వేస్తామంటే కుదరదు. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు మొక్కజొన్న కేక్ తీశాక మిగిలే ఆ పల్చటి నీళ్ళలోనే రైజోపస్ అనే బూజు పెంచారు, అది నీళ్ళలో మురికి తగ్గిస్తుంది, తనలో లైసిన్ బాగా ఉంటుంది, వడకట్టుకుంటే దాణా. స్టూడెంట్స్ ఎవరైనా ప్రాజెక్టు వెతుక్కుంటుంటే మన నూకల డిస్టిలరీ నీళ్ళతో ఇది చేసి చూడండి.

కొనేవాళ్ళకి ఒక్క మాట. పిండిపదార్థం పోతే ప్రొటీన్ ఒక్కటే మూడింతలవ్వదు, బూజుపట్టిన మొక్కజొన్న వేస్తే అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా మూడింతలవుతుంది, డిస్టిలేషన్ వేడికి అది పోదు, గేదె తింటే పాలల్లోకీ దిగుతుంది. లాట్ వారీగా టెస్ట్ రిపోర్టు చూపించకపోతే లారీ దించుకోకండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.